మా నాన్న దగ్గర పెరిగిన తరన్నుమ్

తరన్నుమ్‌ను మొదటిసారి చూసిన రోజున నేను చన్నీళ్ళ కుళాయి కింద చెయ్యి కాల్చుకున్నాను.

2005 జూన్ నెల. అమ్మా నేనూ నెల్లూరు నుంచి షార్జా వచ్చి అప్పటికి రెండు రోజులు. అల్ నహ్దాలో నాన్న తీసుకున్న ఫ్లాట్ ఐదో అంతస్తులో ఉంది. పెట్టెలు కూడా ఇంకా సర్దుకోలేదు. స్నానాల గదిలో నీలం గుర్తున్న కుళాయి తిప్పి ధార కింద చెయ్యి పెట్టాను. పొయ్యి మీంచి అప్పుడే దించిన నీళ్ళలా ఉన్నాయి. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తితే, అక్కడ మా అమ్మ పక్కన గట్టు మీద సేమ్యా గిన్నె పెడుతూ నా వయసు అమ్మాయి ఒకతె నిలబడి ఉంది.

"కాలిందా? గీజరు ఆపలేదా మీరు?" అంది నా చెయ్యి చూసి. తర్వాత ముందు గదిలోకి తల తిప్పి, "మామా, ఎంఏ చదివిన పిల్లకి ఇది గూడా చెప్పలేదా నువ్వు? ఏందిది?" అని కేకేసింది.

ముందు గదిలోంచి నాన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వు నేను అంతకుముందు ఎప్పుడూ విన్నట్టు లేదు.

ఆ అమ్మాయే వెళ్ళి గీజరు స్విచ్ ఆపింది. ఎండాకాలంలో మేడమీద ట్యాంకు నీళ్ళు మసిలిపోతాయని, గీజరు ఆపేస్తే అందులో ఉన్న నీళ్ళు ఏసీ గాలికి చల్లబడతాయని, అందుకని సెప్టెంబరు దాకా ఎర్ర గుర్తున్న కుళాయే చన్నీళ్ళ కుళాయి అని చెప్పింది. "గుర్తు పెట్టుకో మే. ఇక్కడ పుట్టిన పిల్లలకి నడక కంటే ముందు ఇది వస్తది," అంది.

ఆమె వెళ్ళాక అమ్మను అడిగాను. "వాళ్ళది నెల్లూరా?"

"కాదే. కడప జిల్లా ప్రొద్దుటూరు. పీరా గారని, నాన్న పాత ఇంటాయన లేడూ, ఆయన కూతురు."

"మరి 'మే' అంటుందేం?"

అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, "మీ నాన్న దగ్గర నేర్చుకుని ఉంటుంది," అంది. ఆ మాటను అమ్మ చాలా మామూలుగా అంది.

మా నాన్న వీరరాఘవరావు డ్రాఫ్ట్స్‌మన్. 1986లో షార్జాలో ఒక కట్టడాల కంపెనీలో చేరాడు. అప్పుడు నాకు మూడేళ్ళు. రెండేళ్ళకోసారి నలభై అయిదు రోజుల సెలవు. పంతొమ్మిదేళ్ళలో ఆయన మా ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే పద్నాలుగు నెలలు ఉండవు. వచ్చిన ప్రతిసారీ మొదటి వారం నేను ఆయనకు అందకుండా తిరిగేదాన్ని. రెండో వారం అలవాటయ్యేవాడు. ఆరో వారం పెట్టె కట్టేవాడు. నాకు ఆయన్ను చూస్తే గుర్తొచ్చేవి పెట్టె తాళ్ళు, సబ్బు వాసన, విమానం టికెట్టు ఉన్న పొడుగు కవరు. అంతే.

ఆ పంతొమ్మిదేళ్ళలో ఎక్కువ కాలం ఆయన గడిపింది పీరాసాహెబు ఇంట్లో. పీరాసాహెబు దర్జీ. 1978లో వచ్చాడు. కంపెనీల యూనిఫారాలు కుట్టే దుకాణంలో కత్తెర పని. పెళ్ళయ్యాక భార్య అమీనాబీని తెచ్చుకుని, ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డుకు దగ్గరలో మూడు గదుల పాత పెంకుటిల్లు లాంటి ఇల్లు ఒకటి అద్దెకు తీసుకున్నాడు. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. ఒక గదిలో వాళ్ళుండి, మిగతా రెండూ మనవాళ్ళకే ఇచ్చారు. మా నాన్న ఒక గదిలోకి దిగేనాటికి తరన్నుమ్‌కు నాలుగేళ్ళు. ఆమె తమ్ముడు రమీజ్ ఉయ్యాలలో ఉన్నాడు. అమీనాబీ నాన్నను అన్నా అని పిలిచింది కాబట్టి తరన్నుమ్‌కు మా నాన్న మామ అయ్యాడు.

తరన్నుమ్ పుట్టింది షార్జాలోనే. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు షార్జా అని ఉంటుంది, దేశం ఇండియా అని ఉంటుంది. ప్రొద్దుటూరుకు ఆమె జీవితం మొత్తంలో వెళ్ళింది అయిదుసార్లు. వెళ్ళినప్పుడల్లా కడుపు చెడి మంచం పట్టేది. అక్కడి పిల్లలు ఆమెను దుబాయ్ పిల్ల అనేవాళ్ళు. అది దుబాయ్ కాదు, షార్జా అని ఆమె ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు కాదట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇరవై రెండేళ్ళ మనిషికి కూడా ఆమెకు నిజంగానే కోపం వచ్చేది.

మేం వచ్చాక శుక్రవారం భోజనాలు మా ఇంట్లో మొదలయ్యాయి. జుమా నమాజు కాగానే పీరాసాహెబు కుటుంబం వచ్చేది. రమీజ్ అప్పటికి షార్జాలో లేడు. పద్దెనిమిదేళ్ళు నిండితే కొడుకు తండ్రి వీసా మీద ఉండడం కష్టం కాబట్టి కడప పాలిటెక్నిక్‌లో చేర్పించారు. కూతురికి పెళ్ళయ్యే దాకా ఆ ఇబ్బంది లేదు. నేనూ మా నాన్న వీసా మీద ఉన్నది ఆ లెక్కనే.

అన్నాలు తినడం అయ్యాక అందరూ తివాచీ మీద కూర్చునేవారు. ఎవరో ఒకరు, "ఆ పాత ఇంట్లో ఉన్నప్పుడు," అని మొదలుపెట్టేవారు. సాయంత్రం దాకా అవే మాటలు.

"ఇదంతా ఇసకే గదా శ్రీజా," అనేది తరన్నుమ్, కిటికీలోంచి కింద బిల్డింగులు చూపిస్తూ. "ఇప్పుడు మీరు ఉండే ఈ చోటు. చలికాలంలో పికప్ మాట్లాడుకోని వచ్చేవాళ్ళం. మామ ఇసక తవ్వి ఆలుగడ్డలు పూడ్చేవాడు. మీద మంట. అవి ఉడికేలోపల మేం దిబ్బ మీంచి జారేవాళ్ళం, అట్టపెట్టెలు పరుచుకోని."

"సగం పచ్చివి, సగం బొగ్గులు," అనేవాడు పీరాసాహెబు. "రావన్న వంట అంటే అంతే. బిల్డింగు గీయమంటే గీస్తాడు, ఆలుగడ్డ ఉడకబెట్టమంటే రాదు."

"తిన్నావు గదా మరి."

"తినక ఏం జేస్తాం. ఇసకలో హోటలు ఉండెనా?"

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పళ్ళాలు కడిగేదాన్ని. అక్కడికీ వినిపించేది. ఓడల నుంచి మేకలను దించుతుంటే మామ భుజాల మీద కూర్చుని చూసిన సంగతి. బడి నుంచి వస్తూ బకాలా కిరాణా కొట్టు దగ్గర ఆగి, పరాటాలో చిప్స్ నలిపి చుట్టించుకుని తింటూ మామ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న సంగతి. పాలపన్ను ఊడితే మామ దారంతో లాగిన సంగతి. ప్రతి దాంట్లోనూ మా నాన్న ఉండేవాడు. వాళ్ళు మాట్లాడుకుంటున్నది ఊరి గురించి. నాకు వినిపిస్తున్నది మా నాన్న.

ఒక శుక్రవారం సైకిలు సంగతి వచ్చింది. వాకిట్లో నేర్చుకుంటూ తరన్నుమ్ ఎడమ మోకాలు పగలగొట్టుకుందట. మామ వారం రోజులు దానికి పసుపు పెట్టాడట.

"ఏ ఏడాది అది?" అని అడిగాను. ఆ తివాచీ మీద నేను నోరు తెరవడం అదే మొదలేమో, అందరూ నా వైపు చూశారు.

"తొంభై రెండు," అన్నాడు నాన్న. "ఆ ఏడు సెలవు దొరకలేదులే. శుక్రవారాలు ఖాళీ."

తొంభై రెండులో నాకు టైఫాయిడ్. ఇరవై రోజులు మంచంలో ఉన్నాను. నాన్న రాలేకపోతున్నాడని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం అమ్మ నాకు చదివి వినిపించింది. నేను తివాచీ మీంచి లేచి, టీ పెట్టడానికి వెళ్ళాను. టీలో చక్కెర వేయడం మరిచిపోయాను. తరన్నుమ్ ఒక గుక్క తాగి, "మామకి షుగరా ఏంది?" అని నవ్వింది.

అన్నిటికంటే నాకు కష్టంగా అనిపించింది వేరే ఉంది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. బడిలో తెలుగు లేదు. వాళ్ళింట్లో మాట్లాడేది ఉర్దూ, అక్కడక్కడ కడప తెలుగు. మా నాన్న ఆఫీసు నుంచి పనికిరాని ప్లాను కాగితాలు తెచ్చి, వాటి వెనక అక్షరాలు దిద్దించాడట. అ నుంచి ఱ దాకా. ఆ కాగితాలకు అమోనియా ఘాటు ఉండేదని, ఇప్పటికీ తెలుగు పేపరు పట్టుకుంటే ఆ వాసన వస్తున్నట్టే ఉంటుందని ఆమె చెప్పేది. నేను ఎంఏ తెలుగులో ఫస్టు క్లాసు తెచ్చుకున్నదాన్ని. నాకు అక్షరాలు దిద్దించింది బళ్ళో పంతులమ్మ.

తరన్నుమ్ చెడ్డది కాదు. అది ఇంకా ఇబ్బంది. అల్ నహ్దా సందుల్లో నాకు దారి నేర్పింది ఆమే. చేపల మార్కెట్లో ఏ దుకాణం దగ్గర బేరమాడాలో, ఏ టాక్సీలో ఆడపిల్ల ఒంటరిగా ఎక్కొచ్చో, రంజాన్ నెలలో పగలు వీధిలో నీళ్ళు తాగకూడదని, అన్నీ ఆమే చెప్పింది. కాకపోతే ఆమె చెప్పే తీరులో ఒకటుండేది. సొంత ఇల్లు చుట్టానికి చూపిస్తున్నట్టు ఉండేది. "ఇది మాది. అది మాది. ఇక్కడ ఇంతకుముందు మా బడి ఉండె." నేను ఆమె వెనక నడుస్తూ ఊఁ కొట్టేదాన్ని.

ఆమె ఒక టైపింగ్ సెంటర్లో పనిచేసేది. మన దగ్గర కోర్టుల ముందు అర్జీలు రాసేవాళ్ళు ఉంటారు చూడండి, అలాంటి పని. వీసాకైనా, అద్దె కాగితానికైనా, లేబర్ కార్డుకైనా ఇక్కడ దరఖాస్తు అరబ్బీలోనే ఉండాలి. మనవాళ్ళకు అరబ్బీ రాదు. పాస్‌పోర్టు పట్టుకుని టైపింగ్ సెంటర్‌కు పోతే వాళ్ళే చూసి టైపు చేసిస్తారు. తరన్నుమ్ బడిలో అరబ్బీ నేర్చుకుంది. ఆమె కుర్చీ ముందు ఎప్పుడూ ఏడెనిమిది మంది ఉండేవారు. తెలుగువాళ్ళు, తమిళులు, బెంగాలీలు. ఒకరితో హిందీలో, ఇంకొకరితో నెల్లూరు తెలుగులో మాట్లాడుతూ, వేళ్ళు మాత్రం ఆపేది కాదు. చదువురాని మేస్త్రీలు వస్తే ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు కూడా చదివిపెట్టేది. "యల్లా, దస్తఖత్ చేయన్నా. ఇక్కడ. అది నా వేలు, కాగితం కాదు," అనేది. వాళ్ళు సిగ్గుపడి నవ్వేవారు.

2006 సెప్టెంబరులో పీరాసాహెబుకు అరవై ఏళ్ళు నిండాయి. ఆయన వీసా జనవరి దాకా ఉంది. దుకాణం కఫీల్, అంటే ఆయన్ను వీసా ఇచ్చి నిలబెట్టిన యజమాని, ఈసారి పొడిగించనని చెప్పేశాడు. చూపు తగ్గింది, కత్తెర గీతలో పోవడం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు చేశావు, ఖలాస్, ఇంటికి పో బాబా అన్నాడట. తండ్రి వీసా పోతే తల్లిది, కూతురిది కూడా పోతాయి. టైపింగ్ సెంటర్ చిన్నది, వాళ్ళ దగ్గర ఇవ్వడానికి వీసా లేదు. తరన్నుమ్ షార్జాలో ఉండాలంటే ఇంకెవరైనా ఉద్యోగమిచ్చి వీసా ఇవ్వాలి. లేకపోతే జనవరిలో ప్రొద్దుటూరు.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆమె ఒక్కతే మా ఇంటికి వచ్చింది. నేను సోఫాలో పుస్తకం పట్టుకుని ఉన్నాను. నాన్న అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు.

"మామా, మీ ఆఫీసులో ఆ ఫిలిప్పినో అమ్మాయి పోతాందంట గదా. డ్రాయింగులు, కాగితాలు చూసేది."

"నీకెవరు చెప్పారు?"

"దాని వీసా క్యాన్సిలేషన్ టైప్ చేసింది నేనే." ఆమె నవ్వలేదు. "ముదీర్‌కి చెప్పు మామా. నాకు అరబీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఫైళ్ళు వచ్చు. జీతం ఎంతన్నా ఇయ్యనీ. వీసా ఇస్తే చాలు."

నాన్న నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో తరన్నుమ్‌కు తెలియదు. ఆ ఉద్యోగం ఖాళీ అయితే ముదీర్‌కు, అంటే మేనేజరుకు, నా పేరు చెప్తానని ఆయన ఆ ఏడాది మార్చిలోనే నాతో అన్నాడు. నేను ఏడాదిన్నరగా ఇంట్లో కూర్చుని ఉన్నాను. తెలుగు ఎంఏకు ఇక్కడ ఏ పనీ లేదు.

"చూద్దాం పాపా," అన్నాడు.

నన్ను ఆయన శ్రీజా అంటాడు. పాపా అని పిలిచేది ఆమెనే.

ఆమె వెళ్ళాక అమ్మ అన్నాలు వడ్డించింది. నాన్న కలుపుతూ కూర్చున్నాడు గానీ తినలేదు.

"ముదీర్ నా మాట మీద ఒకరిని తీసుకుంటాడు. ఇద్దరిని తీసుకోడు," అన్నాడు చివరికి.

"అనుకున్నదేగా. అమ్మాయి పేరు చెప్తానన్నారుగా," అంది అమ్మ.

"అన్నా. అప్పుడు దీని సంగతి లేదు." ఆయన నా వైపు తిరిగాడు. "నీకు వీసా ఉంది. నా వీసా మీద ఎన్నాళ్ళయినా ఉండొచ్చు. ఇది కాకపోతే ఇంకోటి చూస్తాం. ఆ పిల్లకి ఇదొక్కటే. జనవరి దాటితే వెళ్ళిపోవాలి. ఈ ఊరు తప్ప దానికి ఇంకో ఊరు తెలియదు."

"నాకు చెప్తున్నారా, అడుగుతున్నారా?" అన్నాను.

"అడుగుతున్నా. ముందు నీకే మాటిచ్చా. నువ్వు వద్దంటే దాని పేరు చెప్తా. కావాలంటే నీ పేరే చెప్తా."

సరే అనాలని నాకు తెలుసు. అనేదాన్నేమో కూడా. ఆయన ఇంకొక్క మాట అనకుండా ఉంటే.

"చిన్నప్పటి నుంచి నా కళ్ళ ముందు పెరిగిన పిల్ల," అన్నాడు.

"నేను ఎవరి కళ్ళ ముందు పెరిగాను నాన్నా?" అన్నాను.

అమ్మ గరిటె పక్కన పెట్టింది.

"పంతొమ్మిదేళ్ళు తనకే ఉన్నారు. ఆ ఉద్యోగం నాకు కావాలి," అన్నాను.

నా గొంతు పెద్దది కాదు. అయినా ఆ గదిలో అది చాలా గట్టిగా వినిపించింది. నాన్న కలిపిన ముద్ద అలాగే పళ్ళెంలో ఉంచి, చెయ్యి కడుక్కుని లేచాడు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి, "చెప్పాను. ఒప్పుకున్నాడు," అన్నాడు. ఆ మాట తప్ప ఆ వారం ఆయన నాతో ఇంకేమీ మాట్లాడలేదు.

తండ్రి వీసా మీద ఉన్నా ఉద్యోగం చేయాలంటే లేబర్ కార్డు ఉండాలి. దానికి దరఖాస్తు టైపు చేయించాలి. మా బిల్డింగు కిందే ఇంకో టైపింగ్ సెంటర్ ఉంది. అక్కడికి వెళ్తానన్నాను.

"వద్దు. తరన్నుమ్ దగ్గరికే వెళ్ళు," అన్నాడు నాన్న. "అదే చేయాలి."

వెళ్ళాను. ఉదయం పదకొండు గంటలు. నా ముందు ఇద్దరు పాకిస్తానీ డ్రైవర్లు ఉన్నారు. వాళ్ళ పని అయ్యాక ఆమె నా చేతిలోని కవరు తీసుకుంది. పాస్‌పోర్టు, కంపెనీ కాగితం, ఫోటోలు. కంపెనీ కాగితం చదవడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. దాని మీద నా పేరుంది.

"కూర్చో," అంది.

కూర్చున్నాను. ఆమె టైపు చేయడం మొదలుపెట్టింది. నా వివరాలు పాస్‌పోర్టు చూసి కొట్టింది. తండ్రి వివరాల దగ్గరికి వచ్చేసరికి కాగితం వైపు చూడలేదు. మా నాన్న పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, పుట్టిన తేదీ, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఎన్నేళ్ళుగా ఆయన కాగితాలు ఆమే కొడుతోందో. మా నాన్న పుట్టినరోజు జూలైలో అని మాత్రమే నాకు తెలుసు.

"నేను మామను అడిగినా," అంది తెర మీంచి కళ్ళు తీయకుండా. "నీ ముందరే అడిగినా."

"అవును."

"నీకు వీసా అక్కర్లేదు గదా మే."

నేను ఖాళీ కవరు మడత పెట్టాను.

"పెళ్ళి సంబంధం ఏదన్నా ఉందా? పని చేసే పిల్ల కావాలన్నారా?"

"లేదు."

"మరెందుకు?"

ఏం చెప్పను. సైకిలు కోసం అని చెప్పనా. ఆలుగడ్డల కోసం అని చెప్పనా. పక్క కుర్చీలో మలయాళీ అతను మా వైపు చూస్తున్నాడు. నేను నా చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను.

"చెప్పవులే. నువ్వు ఎప్పుడు నోరు తెరిచినావు గనక." ప్రింటర్‌లోంచి కాగితం లాగి నా ముందు పెట్టింది. "ఆ ఆఫీసుకు మునిసిపాలిటీ నుంచి అరబీలో ఫోన్లొస్తాయి. తీసుకోని ఏం జేస్తావు? తెలుగు పద్యం చెప్తావా?" వేలితో చోటు చూపించింది. "దస్తఖత్. ఇక్కడ."

సంతకం పెట్టాను. ఇంటికి వస్తూ బస్సులో ఆ కాగితం తెరిచి చూశాను. పైనుంచి కింది దాకా అరబ్బీ. ఒక్క ముక్క తెలియదు. అందులో ఆమె నా పేరు రాసిందో ఇంకేం రాసిందో చూసుకునే దారి నాకు లేదు. ఒక అంకె తప్పు కొడితే చాలు, దరఖాస్తు తిరిగొస్తుంది. మళ్ళీ పెట్టాలి. ముదీర్‌కు ఓపిక లేదు, ఇంకెవరినైనా తీసుకుంటాడు. నేనైతే తప్పు కొట్టేదాన్ని. ఆ సంగతి నాకు ఆ బస్సులోనే స్పష్టంగా తెలిసింది.

ఎవరికైనా చూపించి చదివించుకోవచ్చు. సిగ్గేసింది. పదకొండు రోజులు ఎదురుచూశాను. తప్పు దొరికితే బాగుండునని కూడా అనుకున్నాను. దొరికితే నాన్నకు చూపించి, చూడండి మీ పాప ఏం చేసిందో అనొచ్చు. పన్నెండో రోజున కార్డు వచ్చింది. నా పేరు, నాన్న పేరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ప్రభుత్వ కార్యాలయాల పనులు చూసే మా కంపెనీ పీఆర్వో, "ఎవరు టైపు చేశారు? ఒక్క చుక్క తేడా లేదు," అన్నాడు.

పీరాసాహెబు కుటుంబం జనవరిలో వెళ్ళిపోయింది. ఆ మూడు నెలల్లో తరన్నుమ్ ఎనిమిది చోట్ల ప్రయత్నించింది. ఇంటర్నేషనల్ సిటీలో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఇస్తామని చెప్పి చివరి వారంలో లేదన్నారు. విమానాశ్రయానికి సామాను నాన్నే తీసుకెళ్ళాడు. అమ్మా నేనూ కూడా వెళ్ళాం. అమీనాబీ నా తల నిమిరి, "అన్నను బాగా చూసుకోమ్మా. మిరపకాయ తగ్గించు, అన్నకు పడదు," అంది. మా నాన్నకు ఏం పడదో ఆమె చెప్పాల్సి వచ్చింది. పీరాసాహెబు నాన్న చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. తరన్నుమ్ నన్ను దాటుకుని తన సంచి అందుకుంది. కొత్త చెప్పులు వేసుకుంది, అవి కరుస్తున్నాయి కాబోలు, కుంటుతూ లోపలికి నడిచింది. అద్దాల తలుపు దాకా వెళ్ళి నాన్నకు చెయ్యి ఊపింది. ఇరవై నాలుగేళ్ళు బతికిన ఊరిని వదిలిపెట్టడానికి ఆమెకు పట్టింది నాలుగు నిమిషాలు.

ఇప్పుడామె ప్రొద్దుటూరులో ఒక ఏజెంటు ఆఫీసులో ఉంది. గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు తెచ్చే అరబ్బీ కాగితాలు చదివి, అందులో ఏముందో తెలుగులో చెప్తుంది. జీతం, డ్యూటీ, ఎన్నేళ్ళు, ఏ ఊరు. మఫ్రఖ్ అని ఉంటే అది అబుదాబి ఊరు కాదు, ఊరి బయట కూలీల క్యాంపులు అని ముందే చెప్తుందట. ఆమె చెప్పకపోతే సంతకం పెట్టం అనేవాళ్ళు తయారయ్యారట. రెండుసార్లు విజిట్ వీసాకు పెట్టుకుంది, రాలేదు. ఇవన్నీ నాన్న అమ్మతో చెబుతుంటే విన్నవి. ఆమె ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తుంది. నాన్న ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్తాడు, తలుపు దగ్గరగా వేస్తాడు. అరగంట. ఒక్కోసారి ఆ నవ్వు వినిపిస్తుంది.

ఆఫీసులో నా పని బాగానే ఉంది. అరబ్బీ ఫోన్లు వస్తే పీఆర్వోకు ఇస్తాను. నాన్న బల్ల నా బల్లకు పది అడుగుల దూరంలో ఉంటుంది. పొద్దున ఇద్దరం కలిసే వెళ్తాం, కలిసే వస్తాం. శుక్రవారం భోజనాల దగ్గర ఇప్పుడు మేం ముగ్గురమే. తివాచీ మీద ఎవరూ ఏ కథా మొదలుపెట్టరు. ఒకసారి నేనే, "ఆ పాత ఇల్లు ఎలా ఉండేది నాన్నా?" అని అడిగాను. "ఉండేదిలే," అన్నాడు.

వాళ్ళు వెళ్ళిన ఏడాదికి, ఈ జనవరిలో ఒక వారం షార్జాలో కుండపోతగా వాన పడింది. వీధుల్లో మురుగు కాలవలు లేవు, నీళ్ళు ఎటూ పోలేదు. ఆఫీసుకు మధ్యాహ్నమే సెలవిచ్చారు. టాక్సీలు లేవు. నేనూ నాన్నా ప్యాంట్లు పైకి మడుచుకుని, చెప్పులు చేతుల్లో పట్టుకుని నడిచాం. ఒక చోట నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. మునిగిన కారు మీద ఒక పిల్లి కూర్చుని ఉంది. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. రోడ్డు దాటాక కూడా వదల్లేదు. దారిలో ఒక కెఫెటేరియాలో ఆగి, తడిబట్టలతో నిలబడి టీ తాగాం. ఆయన ఎందుకో నవ్వడం మొదలుపెట్టాడు, నేనూ నవ్వాను. ఎందుకని ఇద్దరం అడగలేదు. ఇంటికి చేరేసరికి మూడు గంటలు పట్టింది.

ఆ శుక్రవారం ఫోన్ మోగినప్పుడు నాన్న స్నానం చేస్తున్నాడు. నేను తీశాను.

"శ్రీజా? అక్కడ వాన పడిందంట గదా. టీవీలో చూపించినారు. రోడ్లన్నీ నదులంట. మన నహ్దాలో గూడానా? మామ ఎట్టా వచ్చినాడు ఇంటికి? చెప్పు మే, ఒక్కటన్నా చెప్పు."

ఆమె గొంతులో ఆత్రం వినిపించింది. వెనక ఏదో బస్సు హారన్ కొడుతోంది. పిల్లి సంగతి చెప్తే చాలు, ఆమె వారమంతా దాన్నే తలుచుకుంటుంది. నేను చెప్పగలను. ఏ సందులో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో, కెఫెటేరియా అతను అరుగు మీద ఇసకబస్తాలు ఎలా పేర్చాడో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పగలను.

"పెద్దగా ఏం లేదు," అన్నాను. "కొంచెం చినుకులు పడ్డాయి."

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది.

"సరే. మామకియ్యి," అంది.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చాడు. ఫోన్ ఇచ్చాను. ఆయన బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వాన సంగతి ఆయన చెప్తాడో లేదో వినాలని తలుపు ఇవతల కాసేపు నిలబడ్డాను. "అబ్బో, ఏం చెప్పమంటావు పాపా," అని ఆయన మొదలుపెట్టగానే అక్కడి నుంచి వచ్చేశాను.